నాయన గొంతు, నా మైకుపెట్టె

మొన్న వేసవిలో మా ఊరి గంగమ్మ జాతరకు పోయి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాను. చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో, రోడ్డు వదిలి కాస్త లోపలికి పోతే మా ఊరు. గుడి ముందరి మిట్ట మీద ట్రాక్టరు ట్రాలీలు నిలిపి వాటిలో మిద్దె ఎత్తున స్పీకర్లు పేర్చారు. కథ చెప్పే ఆయన నోరు తెరిచినప్పుడల్లా నా కడుపులో పేగులు కదిలాయిగానీ ఒక్క మాట కూడా అర్థం కాలేదు. పక్కన కూర్చున్న ఆమెను "ఈ పొద్దు ఏం కతమ్మా?" అని అడిగాను. "ఏంది?" అంది. మళ్ళీ అరిచి అడిగాను. మళ్ళీ "ఏంది?" అంది. ఇద్దరం నవ్వుకుని ఊరుకున్నాం. ఆ మోతలో కూర్చునే, అదే మిట్ట మీద నేను నా చేతుల్తో చేసిన మైకుపెట్టె మొదటిసారి పలికిన మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకున్నాను. ఈవిడ గొప్పలు చెప్పుకుంటోంది అని మీకనిపిస్తే అనిపించనివ్వండి. నేను గొప్పగా చేసిన పనులు చాలా తక్కువ. ఉన్నవాటిని దాచుకునే ఓపిక నాకీ వయసులో లేదు.

మా నాయన ఆ జాతరలో కథ చెప్పేవాడు. ఏడాదిలో తక్కిన రోజులన్నీ చెరుకు పండించి, గానుగాడించి, బెల్లం వండి చిత్తూరు మండీకి తోలే రైతు. జాతర దగ్గర పడేకొద్దీ ఆ మనిషి మారిపోయేవాడు. మా ఇంట్లో వాసనలు కూడా మారిపోయేవి. ఉడికే బెల్లం పాకం వాసన పోయి మిరియాల కషాయం, అతిమధురం, శొంఠి వాసన వచ్చేది. నాయన పెరుగు మానేసేవాడు, చింతపండు పులుసు మానేసేవాడు, ఎవరింటికి పోయినా చల్లనీళ్ళు ముట్టేవాడు కాదు. తెల్లవారుజామునే లేచి మా చేని బావిలోకి దిగి, నడుములోతు నీళ్ళలో నిలబడి గొంతు సాధకం చేసేవాడు. మేమింకా పక్కల మీద ఉండగానే బావి లోపలి నుంచి ఆయన రాగం లేచి వచ్చేది. అమ్మ అది వినే పొయ్యి రాజేసేది. మా ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ దాని వంక చూసేవాళ్ళు కాదు.

అప్పట్లో మిట్ట మీద పగటి కథకు మైకు లేదు. ముందు వరసల్లో మగవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు, అందరికంటే వెనక చింతచెట్ల నీడలో ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఆ ఆఖరి వరసలో ఒక చెట్టు మొదలు మా అవ్వది, అంటే నాయన తల్లిది. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే చేతికర్రతో పొడిచి లేపేది. నాయన గొంతు ఆ చెట్లను దాటి చెరుకు తోటల దాకా పోవాలి. పోయేది కూడా. ఆయన కథ చెప్పడం అంటే, నిజం చెప్పాలంటే, గజ్జెలు కట్టుకుని రాగయుక్తంగా అరవడమే. అమ్మవారు కోపంతో అన్న మాటైనా, చంటిబిడ్డను జోకొట్టిన మాటైనా ఒకే స్థాయిలో అరవాలి, లేకపోతే చింతచెట్ల దాకా చేరదు. అట్లా అరిచి అరిచి ఒక ఏడు ఆయన గొంతు తెగింది. జాతర అయ్యాక చాలా రోజులు మాట్లాడలేకపోయాడు. చిత్తూరులో డాక్టరు చూసి, మామూలుగా మాట్లాడితే ఏమీ కాదు, అరిస్తే మాత్రం ఉన్నది కూడా పోతుందని చెప్పాడు. మరుసటి ఏడు నాయన అరవబోతే గాలి తప్ప మాట రాలేదు. చింతచెట్ల కింది ఆడవాళ్ళు కాసేపు చూసి, ఒకరి వెనక ఒకరు లేచి ఇళ్ళకు పోయారు.

నేనప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి బీయస్సీ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చిన రోజుల్లోనే గుడి పెద్ద చెంగల్రాయప్ప మా తిన్నె మీదికి వచ్చి కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. తెల్లచొక్కా నలగకుండా కూర్చోవడం ఆయనకు అలవాటు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, చెంబు పక్కన పెట్టి, నేల చూస్తూ అన్నాడు: "అప్పా, నీ కతకు వంక పెట్టేదానికి నేనెవుర్ని? కానీ ఎనక కూసున్న ఆడోళ్ళకు ఒక ముక్క ఇనపడలేదు. జాతర వాళ్ళది గదప్పా. ఈ ఏడు కూడా నువ్వే సెప్పు. సాగనంపే కత నాడు సూస్తాం. ఆ పొద్దుకూడా ఇనపడకపోతే, వచ్చే ఏటికి పలమనేరు పక్క ఒక వయసు పిల్లోడు ఉండాడు, ఆయప్పకు తాంబూలం ఇస్తాం. మనసులో పెట్టుకోవద్దు."

సాగనంపే కథ అంటే చెప్పాలి. మా ఊరి గంగమ్మ కథలో అమ్మవారు ఒక రైతు ఇంట్లో ఆడపిల్లగా పెరుగుతుంది. ఆమె ఎవరో పెంచిన తల్లికి తెలియదు. పెరిగి పెద్దదై ఒకనాడు, ఇంక నేను పోతానమ్మా అని గడప దాటుతుంది. ఆ రోజు కథకు మా చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కరు కూడా ఇంట్లో ఉండరు. వచ్చే ఏడు కథ ఎవరు చెప్పాలో నిర్ణయించి తాంబూలం ఇచ్చేది కూడా ఆ రోజే. నాయన "సరేప్పా" అన్నాడు. అంతే. ఆ రాత్రి సంగటి ముద్ద ముందు కూర్చుని వేలితో గుంట చేసి, అందులో పులుసు పోసుకుని, ముద్దను అట్లాగే వదిలేసి లేచాడు. ఆయన సంగటి వదిలేయడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం.

అప్పటికి మా ఊళ్ళో మైకు అసలే లేదని కాదు. రాత్రి వీధినాటకానికి పక్క ఊరి మైకుసెట్టాయన వచ్చేవాడు. కానీ వేసవి అంటే ముహూర్తాల కాలం కదా, పగలంతా పెళ్ళిళ్ళకు పోవాలి. బాకా స్పీకర్లు చింతచెట్టుకు కట్టినవి కట్టినట్టే ఉంచి, పెట్టె మాత్రం సైకిలు క్యారియరు మీద పెట్టుకుని పోయేవాడు. ఆ బాకాలను చూస్తుంటే నాకు ఒకటే ఆలోచన. ఆ పెట్టె ఒకటి నేను చేస్తే? మా కాలేజీ లైబ్రరీకి ఒక ఎలక్ట్రానిక్సు పత్రిక వచ్చేది. దాని వెనక అట్ట మీద, ఇంట్లోనే ఆంప్లిఫయర్ తయారు చేసుకోండి, కావలసిన సామానంతా ఒకే కిట్టులో అని ప్రకటన వేసేవాళ్ళు. ఆ పేజీని నేను ఎన్ని నెలలుగానో చదువుతున్నాను. లెక్చరర్లు బోర్డు మీద గీసిన ట్రాన్సిస్టరును పరీక్షలో గీయడం నాకు వచ్చు. నిజం ట్రాన్సిస్టరును ముట్టుకున్నది లేదు.

మునిరత్నం మామ, మా అమ్మ తమ్ముడు, మద్రాసుకు బెల్లం లారీ తోలేవాడు. ఆయన అక్కడ ఎలక్ట్రానిక్సు సామాను అమ్మే రిచీ స్ట్రీటులో అడిగి, కిట్టూ ఒక మైకూ తెచ్చాడు. తెచ్చినది ఎట్లా అంటే, జాగ్రత్తగా ఉండాలని తిరిగొచ్చే ఖాళీ బెల్లం బుట్టల నడుమ పెట్టి తెచ్చాడు. మా ఇంట్లో దించేసరికి అట్టపెట్టె నిండా చీమలు. మూత తీసి లోపల చూసి మామ ముఖం వాడిపోయింది. "ఏందిమే ఇది? పురుగులు, గోలీలు, మొలకలు కలిపి ఇచ్చినాడు ఆ షాపాయన. నన్ను ఏమార్చినాడా ఏంది?" అన్నాడు. దారి కుదుపులకు పొట్లాలన్నీ చిరిగి సామాను మొత్తం కలిసిపోయింది. అమ్మ చేట తెచ్చి అందులో పోసింది. కందిపప్పులో రాళ్ళు ఏరే చేతులతోనే, రెసిస్టర్ల మీది చారల రంగులు చూసి ఏ పురుగుకు ఆ పురుగు వేరు చేసింది. నేను కాగితం చూసి ఎర్రచార మీద నల్లచార అంటే, ఆమె చేట మీద వేలు ఆడించి తీసి ఇచ్చేది. చీమల్ని దులపడానికి మాత్రం ఇద్దరికీ ఒక పూట పట్టింది.

కరెంటు మాకు పెద్ద చిక్కు. చేలల్లో మోటార్లు ఆడుతుంటే మా ఇంటి బల్బు ఆరిపోయే దీపంలా ఉండేది, అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ చెంబు వెచ్చబడినంత కూడా వెచ్చబడేది కాదు. మోటార్లు ఆగగానే నేను కూర్చోవాలి. ఇంటిల్లిపాదీ దానికి అలవాటు పడ్డారు. అమ్మ వంటింట్లోంచి "వళ్ళీ, కరెంటు బలంగా ఉండాది, రామ్మే" అని పిలిచేది. అన్నం తింటున్నా చేయి కడుక్కుని పరుగెత్తేదాన్ని. సీసం కరిగేటప్పుడు అతుకు పట్టడానికి వాడే గుగ్గిలం నుంచి పొగ లేచేది. ఆ పొగ సాంబ్రాణి పొగలాగే ఉంటుంది. అవ్వ మొదటి రోజు ఆ వాసన పట్టుకుని గోడ ఆసరాతో వచ్చి, పొగను రెండు చేతులతో కళ్ళకద్దుకుంది. "మంచి పని సేస్తా ఉండావుమే. సామి పెట్టెనా ఇది?" అంది. నాయన గొంతు పెట్టె అవ్వా అన్నాను. "అదే గదా" అంది. అప్పటి నుంచి నేను కూర్చున్నప్పుడల్లా ఎదురుగా వచ్చి కూర్చుని ఆ పొగకు తల ఆరబెట్టుకునేది.

నాయన మాత్రం ఆ గది గడప తొక్కలేదు. ఒకసారి వాకిట్లో చెరుకు మోపు కడుతూ, నన్ను చూడకుండా, "గొంతు మనిషికి ఉండాల. పెట్టెకు ఉంటే ఏం లాభం?" అన్నాడు. కోపం వచ్చింది నాకు. ఇంకో అతుకు వేశాను. పాపం, ఆయనకు భయం అని ఇప్పుడు అర్థమవుతోంది. పెట్టె పలకకపోతే ఒక బాధ, పలికితే ఇంకో రకం బాధ.

సాగనంపే కథకు ఇంక నాలుగు రోజులుందనగా అతుకులు వేయడం అయిపోయింది. నేరుగా ప్లగ్గు పెడితే ఏ అతుకు తప్పున్నా సామాను మొత్తం కాలిపోతుంది. అందుకని పత్రికలో చెప్పినట్టు కరెంటు దారిలో ఒక బల్బు అడ్డం కట్టాను. పెట్టె బాగుంటే బల్బు ఒకసారి మెరిసి మందగిస్తుంది, లోపల ఎక్కడైనా తగలరాని తీగలు తగిలి ఉంటే బల్బే పూర్తిగా వెలుగుతుంది. స్విచ్చు వేశాను. గది అంతా పెళ్ళిపందిరిలా వెలిగింది. అవ్వ సంతోషంతో దండం పెట్టింది. నేను ప్లగ్గు పీకేసి నేల మీద కూలబడ్డాను. తర్వాత టార్చి సెల్లూ, చిన్న బల్బూ కట్టిన తీగతో ఒక్కో చోటూ తడిమి చూశాను. పెట్టె వెనక అల్యూమినియం రెక్కల మీద బిగించిన రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు ఆ లోహానికి నేరుగా అంటుకుని ఉన్నాయి. అంటకూడదు. కాగితం మళ్ళీ చదివితే, వాటి అడుగున పల్చటి అభ్రకం రేకులు పరచాలి అని ఉంది. కిట్టులో రెండు ఉన్నాయని కూడా ఉంది. నేను వాటిని చూసిన గుర్తే లేదు.

"చేటలో తళతళమనే పల్చటి రేకులు రెండు ఉండాలమ్మా, చూసినావా?" అని అడిగితే అమ్మ అవ్వ వంక చూసింది. అవ్వ గూట్లో గంగమ్మ వంక చూసింది. జాతర రోజుల్లో మా ఇళ్ళలో పసుపు ముద్దతో అమ్మవారి ముఖం చేసి, వేపాకు మీద పెట్టి పూజ చేస్తాం. ఆ పసుపు ముఖానికి నుదుటి మీద ఒకటి, ముక్కున ఒకటి, నా అభ్రకం రేకులు మెరుస్తున్నాయి. చుట్టూ కత్తిరించి, కుంకుమ అద్ది, పాపిటబిళ్ళా ముక్కుపుడకా చేసి పెట్టింది అవ్వ. "సామి పెట్టెలో వచ్చిన సొమ్ములు గదమ్మే. నీకెందుకవి?" అంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తీసి ఇమ్మని అడిగాను. "అమ్మకు పెట్టినవి ఊడదీస్తారా ఎవురన్నా? కండ్లు పోతాయి" అంది. ఆమె అంది కాబట్టే కాదు, పసుపు తడీ కుంకుమా అంటిన రేకులు ఇంక పనికిరావు కూడా.

మద్రాసుకు మళ్ళీ పోయి వచ్చేంత సమయం లేదు. ఆ రోజంతా అభ్రకం, అభ్రకం అని తిరిగాను. కరెంటు ఇస్త్రీపెట్టె లోపల వేడెక్కే తీగను చుట్టేది అభ్రకం మీదనే అని సాయంత్రానికి తట్టింది. మా ఊళ్ళో కరెంటు ఇస్త్రీపెట్టె ఒకే ఇంట్లో ఉంది. అది కాలిపోయి అటకెక్కిందని కూడా ఊరందరికీ తెలుసు, ఎందుకంటే అప్పటి నుంచి చెంగల్రాయప్ప చొక్కాలకు ముడతలు వచ్చాయి. ఆయన లేని వేళ చూసి ఆయన భార్యను అడిగాను. ఆమె అటక మీది నుంచి తీసి ఇస్తూ, "తీసకపోమ్మే. మీ నాయన కత నాకూ ఇనబడాల. నేనూ ఎనకే గదా కూసునేది" అంది. ఇంటికి వచ్చి ఇస్త్రీపెట్టె విప్పి, లోపలి రేకుల్లో కాలని భాగం చూసి కత్తెరతో కత్తిరించి, సూదితో కంతలు పొడిచి, ట్రాన్సిస్టర్ల కింద పరిచి బిగించాను. మళ్ళీ స్విచ్చు వేశాను. బల్బు ఒక్కసారి మెరిసి, మెల్లగా మందగించి, లోపలి తీగ మాత్రం ఎర్రగా కనిపించేటట్టు నిలబడింది. నేను ఇల్లంతా గెంతాను. చదువుకున్న పిల్ల అనే మర్యాద కూడా లేకుండా గెంతాను.

ఇంట్లో పాత రేడియో స్పీకరును ఖాళీ వడ్ల బాన మూతి మీద బోర్లించి, తీగలు కలిపి, మైకు అమ్మ నోటి ముందు పెట్టాను. ఏదైనా మాట్లాడమ్మా అన్నాను. ఆమె సిగ్గుపడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏం మాట్లాడాలని నన్నే అడిగింది. ఇంతలో వంటింటి వైపు చూసి, "అయ్యో, పాలు పొంగి పోతా ఉండాయి, జరుగుమే" అంది. బాన ఆ మాటను ఇల్లు అదిరేటట్టు చెప్పింది. మా ఆంప్లిఫయర్ పలికిన తొలి మాటలు అవి. పాలు పొయ్యిలో పోయాయి. ఎవరూ బాధపడలేదు.

సాగనంపే కథ రోజు మిట్ట మీద జనం మామూలు కంటే ఎక్కువ. బాకాలు వాడుకోమని మైకుసెట్టాయన చెప్పి పోయాడు. వేదిక పక్కన పీట మీద నా పెట్టె పెట్టి, గుడి కరెంటుకూ బాకాలకూ తీగలు కలిపి కూర్చున్నాను. సాగనంపే కథ పూట చేలల్లో మోటార్లు ఆడవు. అల్యూమినియం పెట్టె, మూతకు మరలు చాలక ఒక పక్క పురికొస కట్టాను. చెంగల్రాయప్ప ముందు వరసలో, తాంబూలం పళ్ళెం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నాయన గజ్జెలు కట్టుకుని వచ్చి మైకు వంక, కొత్తకోడలు ఇంటికొచ్చిన పాముల వాణ్ణి చూసినట్టు చూసి, దానికి బారెడు దూరంలో నిలబడి, చిడతలు మోగించి, ఉన్న ఊపిరంతా పట్టి అరిచాడు. ఆయన దూరంగా ఉన్నాడని నేను శబ్దం పెంచే బొంగరం లాంటి మీటను ముందే పూర్తిగా తిప్పి పెట్టాను. బాకా కీచుమని ఎత్తుకుంది. అంత కీచు నేను ఎప్పుడూ వినలేదు. పిల్లలు చెవులు మూసుకున్నారు, కొమ్మల మీద కాకులన్నీ లేచిపోయాయి. ఎవరో నవ్వారు. చెంగల్రాయప్ప పళ్ళెం మీది వక్కలు సర్దుతున్నాడు. నాయన గొంతు అప్పుడే పగిలిపోయింది. దగ్గాడు. ఆ దగ్గు కూడా చింతచెట్ల దాకా వినపడింది.

కథ వేదిక మీదికి ఆడపిల్లలు ఎక్కరు. నేను చెప్పులు విడిచి ఎక్కాను. మైకును లాగి ఆయన నోటికి జానెడు దూరంలో పెట్టి, దిగి మీటను సగానికి తగ్గించి మళ్ళీ ఎక్కి, మైకును అరచేత్తో మూసి ఆయన చెవిలో చెప్పాను: "నాయనా, అరవద్దు. కదలొద్దు. ఈడనే నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు."

"గజ్జె కట్టినోడు నిలబడుకోని కత సెప్పాల్నామే?" అన్నాడు. ముఖం నిండా చెమట. "గొంతు దించితే కత యాడ నిలబడతాది?"

"ఆడ నిలబడతాది నాయనా" అని చింతచెట్టు వైపు చూపించాను. "అవ్వ దగ్గర. అవ్వకు సెప్పు."

నేను మైకు మీది చేయి తీసి, దిగి పెట్టె దగ్గరికి వచ్చాను. జనం గుసగుసలాడారు. మృదంగం సుబ్బన్న ఏం చేయాలో తెలియక చేతులు మృదంగం మీద పెట్టుకుని చూస్తున్నాడు. నాయన చిడతలు కింద పెట్టాడు. ఎప్పుడూ చిడతలు లేకుండా ఆయన కథ చెప్పలేదు. పాట వదిలేసి, రాగం వదిలేసి, నేరుగా బిడ్డ గడప దాటే ఘట్టానికి పోయి, ఆ పెంచిన తల్లి మాట చెప్పాడు. "పోతావా తల్లీ? పో. పోయేదానివి అన్నం తిని పోరాదా?" అంతే. మా ఇంట్లో అమ్మ నన్ను తిరుపతి బస్సుకు పంపేటప్పుడు అనే మాటలాగే, ఆ గొంతులోనే అన్నాడు. ఏళ్ళ తరబడి ఆయన ఆ మాటను చెరుకు తోటలకు వినపడేలా అరిచాడు. అది అరిచే మాట కాదని ఆ రోజు ఊరందరితో పాటు ఆయనకు కూడా తెలిసింది. బాకా లోంచి ఆ మెల్లటి మాట వచ్చి, చింతచెట్ల కింద ఒక్కొక్కరి పక్కనా కూర్చుని చెప్పినట్టు వినిపించింది. వెనక వరసల్లో ఎవరో ఆడమనిషి ఏడ్చింది. తర్వాత చాలామంది ఏడ్చారు. నాయన ఇంకా తగ్గించాడు. గుసగుసగా చెప్పాడు. ఆగితే ఆ ఆగడం కూడా వినపడింది. నా చేయి మీట మీదే ఉంది, ట్రాన్సిస్టర్ల రెక్కలు వేడెక్కి నా మోకాలికి తగులుతున్నాయి, నేను జరగలేదు. నాకు ఆ రోజు కలిగినంత ఆనందం తర్వాత డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

కథ అయ్యాక చెంగల్రాయప్ప పళ్ళెం పట్టుకుని తానే వేదిక దగ్గరికి వచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు గానీ దుమ్ము పడిందన్నట్టు తుడుచుకున్నాడు. "ఎనక ఎవురూ లేవలేదప్పా" అన్నాడు. "వచ్చే ఏడు నువ్వే. ఆ పై ఏడూ నువ్వే." నాయన రెండు చేతులా తాంబూలం అందుకున్నాడు. ఈలోగా అవ్వ కర్ర పొడుచుకుంటూ చింతచెట్టు దగ్గర్నుంచి వచ్చి కొడుకును తేరిపార చూసింది. "ఇన్నేండ్లూ వీడు అందరి మీదా అరస్తా ఉండాడనుకుంటిని. ఇంత మంచి కతా సెప్పేది!" అంది. ముందు వరసల వాళ్ళంతా పడి పడి నవ్వారు.

ఆ తర్వాత నాయన చాలా ఏళ్ళు కథ చెప్పాడు. అరవలేదు. డాక్టరు చెప్పినట్టే ఉన్న గొంతు పోలేదు. మెల్లగా చెప్పే కథ వినడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఇప్పుడు అదే మిట్ట మీద నా పెట్టె లాంటివి వంద కలిపినా రానంత శబ్దం ఉంది. నేను కొత్తదాన్ని తిట్టే ముసలిదాన్ని కాదు. అంత చిన్న చిప్పులో అంత బలం పట్టించిన వాళ్ళను చూస్తే నాకు ముచ్చటే. కానీ వినపడని మాటను వినిపించడానికి మేము ఒక యంత్రం చేసుకున్నాం. అది చేతికి వచ్చాక మళ్ళీ అరవడం ఎందుకు మొదలుపెట్టామో నాకు అర్థం కాలేదు. మొన్న దూది పెట్టుకుని కూర్చున్నంతసేపూ, ఎవరైనా లేచి పోయి ఆ మీటను సగానికి తిప్పితే బాగుండు అనుకున్నాను. నేనే పోదును. మోకాళ్ళు సహకరించలేదు.

ఆ రోజు మిగిలింది చెప్పి ముగిస్తాను. జనం ఇంకా లేవలేదు. ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటూ, పిల్లల్ని వెతుక్కుంటూ ఉన్నారు. నాయన వేదిక అంచున కూర్చుని గజ్జెలు విప్పుకుంటున్నాడు, మైకు ఆయన భుజం పక్కనే ఉంది. మృదంగం సుబ్బన్న మృదంగానికి గుడ్డ కడుతూ అడిగాడు: "ఎవురు సేసినారన్నా ఈ పెట్టె? మద్రాసోళ్ళా?"

మా వైపు తండ్రులు బిడ్డలను ముఖం మీద మెచ్చుకోరు. మెచ్చుకుంటే దిష్టి అంటారు. నాకు మార్కులొచ్చినా, స్కాలర్‌షిప్పు వచ్చినా నాయన "ఊ" అనే అన్నాడు. అది కూడా వాకిట్లోకి చూస్తూ అన్నాడు. ఇప్పుడు కూడా నా వంక చూడలేదు. వంగి గజ్జె ముడి విప్పుతూ, సుబ్బన్నకు మాత్రమే వినపడేలా, ఆ రోజే నేర్చుకున్న మెల్లటి గొంతుతో చెప్పాడు: "మద్రాసోళ్ళు కాదప్పా. మా వళ్ళి సేసింది. నా బిడ్డ."

చింతచెట్టు మీది బాకాలు ఆ మాటను ఊరందరికీ చెప్పాయి. మిట్ట మీద జనమంతా తలలు తిప్పి నన్ను చూశారు. దూరంగా చెరుకు తోటలో కాలవలు చెక్కుతున్న వాళ్ళు కూడా పారలు ఆనించి నిలబడి ఇటు చూశారు. నాయన ఉలిక్కిపడి చెట్టు వైపు తలెత్తాడు, తర్వాత నా వైపు చూశాడు. "అయ్యో, ఇంగ ఎంత దిష్టి తీయాల్రా దీనికి!" అంది అవ్వ మైకు పక్కనే నిలబడి, అది కూడా ఊరందరికీ వినిపించింది.

స్విచ్చు నా చేతి కిందే ఉంది. నేను ఆపలేదు.